‘తనంతట తానే పడిపోయాడు’ అని రాయడం ఆపండి: బెంగళూరు కాలిబాటల బాధ్యులకు బహిరంగ లేఖ

బెంగళూరులో ఫుట్‌పాత్‌లు వేసే, తవ్వే, వాటి మీద స్తంభాలు పాతే అన్ని శాఖల కమిషనర్లకు, ఇంజినీర్లకు. పోలీసు స్టేషన్ల అధికారులకు. ఆసుపత్రుల క్యాజువాల్టీ వైద్యులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. మేం ఈ నగరంలో ఉంటున్న తెలుగువాళ్లం. మాలో న్యాయవాదులు, సివిల్ ఇంజినీర్లు, ఫిజియోథెరపిస్టులు ఉన్నారు. వీల్‌చైర్ వాడేవారు, చూపులేనివారు కూడా ఉన్నారు. నడిచే దారి సరిగా లేక వికలాంగులు గాయపడుతున్న సంగతి మీద లిఖితపూర్వకంగా ఇచ్చిన అర్జీలకు రసీదు నంబరు తప్ప మరేమీ రాలేదు. ఏ కార్యాలయం అన్నది ఇక్కడ అనవసరం, ఈ జబ్బు ఒక్క కార్యాలయానిది కాదు. అందుకే అందరికీ కలిపి, అందరూ చదివేలా రాస్తున్నాం.

గుంతల గురించి మీకు రోజూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. మా గొడవ, కింద పడినవాడి కాగితం గురించి. బండి గుద్దితే ఎఫ్ఐఆర్ ఉంటుంది, పరిహారం తేల్చే ట్రైబ్యునల్ ఉంటుంది, ఇన్సూరెన్స్ ఉంటుంది. కాలికి కాలిపర్ (కాలిని నిలబెట్టే లోహపు ఆసరా) వేసుకున్న మనిషి ఊగే స్లాబు మీద బోర్లా పడి మోచేయి విరగ్గొట్టుకుంటే, ఆసుపత్రి చీటీలో తరచూ కనిపించేది ఒక్క ముక్క: ‘నడుస్తూ తనంతట తానే పడిపోయాడు’. ఎక్కడ పడ్డాడు, దేనికి తట్టుకుని పడ్డాడు, ఆ స్లాబు ఎవరిది అన్న విచారణ అక్కడితో ఆగిపోతుంది. తర్వాత కోర్టుకు వెళ్తే అవతలి వకీలు మొట్టమొదట తీసి చూపించేది ఆ ముక్కనే. హక్కులు చట్టంలో ఉన్నాయి. వాటిని అడగడానికి కావలసిన మొదటి కాగితమే తప్పుగా పుడుతోంది. ఈ లేఖలో మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

1. ఎలా పడతారు

బెంగళూరు ఫుట్‌పాత్ అంటే చాలా వీధుల్లో వాననీటి కాలువ మీద కప్పిన మూతే. సిమెంటు స్లాబులో, రాతి బండలో వరసగా పరుస్తారు. పూడిక తీయడానికి ఒకటి లేపుతారు. తిరిగి పెట్టేటప్పుడు కాలువ గోడ అంచును శుభ్రం చేసి, సిమెంటు పరుపు వేసి, దాని మీద కూర్చోబెట్టాలి. అది చేయరు. అంచు మీద ఆనిక చాలక ఒక మూల లేస్తుంది, ఎదుటి మూల ఊగుతుంది. కాళ్లూ కళ్లూ బాగున్నవాడు తూలి, నాలుగు తిట్టుకుని వెళ్లిపోతాడు.

వీల్‌చైర్ ముందు చక్రాలు చిన్నవి, సన్నవి. రెండు స్లాబుల మధ్య రెండు వేళ్ల సందు ఉంటే చాలు, చక్రం దిగబడి కుర్చీ ఉన్నచోటే ఆగిపోతుంది. మనిషి మాత్రం ఆగడు. చేతులు ముందుకు చాచి పడతాడు కాబట్టి మణికట్టు విరుగుతుంది. చక్రాన్ని చేత్తో తోసుకుని బతికే మనిషికి మణికట్టుకు పట్టీ పడిందంటే కుర్చీ కదలదు. మంచం నుంచి కుర్చీలోకి, కుర్చీ నుంచి మరుగుదొడ్డి మీదికి ఇంకొకరు ఎత్తాలి. ఆ ఇంకొకరు ఇంట్లో సంపాదించే మనిషైతే రెండు జీతాలు పోతాయి. వెన్నుపాము దెబ్బతిన్నవారికి నడుం కింద స్పర్శ ఉండదు. కాలి ఎముక విరిగినా నొప్పి తెలియదు, వాపో జ్వరమో వచ్చాక గాని బయటపడదు. ఈలోగా కదలకుండా పడుకుంటే పడక పుండ్లు మొదలవుతాయి. అవి మానడానికి నెలలు పట్టవచ్చు. మనం కాలు జారడం అని కొట్టిపారేసేది వారిని అంత దూరం తీసుకెళ్తుంది.

చంకకర్ర కొనకు తొడిగే రబ్బరు బుష్ కాలువ జాలీ సందులో దిగితే కర్ర అక్కడే ఉండిపోతుంది, మనిషి పక్కకు ఒరుగుతాడు. జాలీ ఊచలు నడిచే దిశకు అడ్డంగా ఉండాలి, సందులు 12 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. చాలాచోట్ల ఊచలు నడక దిశలోనే ఉంటాయి, సందుల్లో బొటనవేలు దూరుతుంది. కాలిపర్ మోకాలి దగ్గర లాక్ అయి ఉంటుంది. తట్టుకున్నప్పుడు మోకాలు వంచి తమాయించుకునే వీలు లేదు, మనిషి నిలువునా కూలతాడు.

తెల్ల కర్ర నేల మీద ఉన్నదాన్ని పసిగడుతుంది. నడుముకు పైన ఉన్నది దానికి అందదు. స్తంభం నుంచి ఏటవాలుగా దిగే స్టే వైరు, మొహం ఎత్తులో వేలాడే కేబుల్ చుట్ట, తెరిచి వదిలేసిన కరెంటు పెట్టె తలుపు, షాపు బోర్డు మూల: కర్ర వీటి కింద నుంచి వెళ్లిపోతుంది, దెబ్బ నుదుటికి తగులుతుంది. తవ్విన గోతి చుట్టూ కట్టే ఎరుపు తెలుపు రిబ్బన్ చూపున్నవాళ్లకే హెచ్చరిక. చూపులేని మనిషి కర్ర ఆ రిబ్బన్ కింద నుంచి నేరుగా గోతిలోకి పోతుంది, వెనకే మనిషి. నేలకు దగ్గరగా గట్టి పలకో పైపో అడ్డంగా ఉంటేనే కర్రకు తగులుతుంది. దాని ఖర్చు మీ టెండరు మొత్తంలో ఏ లెక్కకూ రాదు.

వినికిడి లేనివారికి ఫుట్‌పాత్ మీదికి ఎక్కి వెనక నుంచి వచ్చే బైకే పెద్ద ప్రమాదం. ఆ బైకులను ఆపాలని మీరు స్తంభాలు దగ్గరదగ్గరగా పాతారు. బైకువాడు గోడ వార నుంచి దూరి వెళ్తూనే ఉన్నాడు, వీల్‌చైర్ మాత్రం ఆగిపోయి రోడ్డు మీదికి దిగుతోంది. రోగం ఒకరిది, మందు ఇంకొకరికి.

2. కొలతలు మీ దగ్గరే ఉన్నాయి

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల వసతుల కోసం ఇచ్చిన ఐఆర్‌సీ 103 ప్రకారం అడ్డంకులేమీ లేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు, తల మీద ఖాళీ 2.2 మీటర్లు, కెర్బ్ (రోడ్డు వైపు ఫుట్‌పాత్ అంచు) ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించకూడదు. 2021లో కేంద్రం ఇచ్చిన సార్వత్రిక సౌలభ్య ప్రమాణాల్లో ర్యాంపు వాలు 1:12.

ఈ వాలు లెక్క చాలామంది సైట్‌లో వేయరు. 150 మిల్లీమీటర్ల కెర్బ్‌కు 1.8 మీటర్ల పొడవు ర్యాంపు కావాలి. కాలువ లోతు కోసం ఫుట్‌పాత్‌ను 300 మిల్లీమీటర్ల ఎత్తుకు లేపేశారంటే ర్యాంపు 3.6 మీటర్లు పోవాలి. సైట్‌లో కాంట్రాక్టరు పోసేది రెండడుగుల సిమెంటు వాలు. అంటే 150 మిల్లీమీటర్లకే వాలు 1:4. దాని మీద కుర్చీ ఎక్కదు, బలవంతంగా ఎక్కితే వెనక్కి తిరగబడుతుంది. అలాంటి ర్యాంపు కట్టి ఫొటో తీసి బిల్లు పెట్టడం కంటే కట్టకపోవడమే మేలు. కనీసం అది దారి కాదని దూరం నుంచే తెలుస్తుంది.

ఇంటింటి గేటు దగ్గరా ఫుట్‌పాత్‌ను దించి మళ్లీ లేపడం ఇంకో తప్పు. ఫుట్‌పాత్ ఒకే మట్టంలో సాగాలి, ఎక్కి దిగవలసింది కారు.

పసుపు పలకల సంగతీ అంతే. పొడవు గీతలున్న పలక ‘ఇటు నడవండి’ అంటుంది, చుక్కల పలక ‘ఆగండి, ముందు ఏదో ఉంది’ అంటుంది. చుక్కలు ఉండాల్సిన రోడ్డు అంచున గీతలు వేస్తే మనిషిని చేయి పట్టుకుని ట్రాఫిక్‌లోకి నడిపించినట్టే. గీతల వరస ట్రాన్స్‌ఫార్మర్ కంచె దగ్గర ముగిసే వీధులూ ఉన్నాయి. ఇవి డిజైన్ డ్రాయింగ్‌లో సరిగ్గానే ఉంటాయి, తర్వాత వచ్చిన శాఖ పెట్టెను వాటి మీద పెట్టేస్తుంది. ఈ నగరంలోనే టెండర్‌ష్యూర్ పద్ధతిలో వేసిన రోడ్లలో పైపులు, కేబుళ్లను ముందే నేల కింది డక్టుల్లోకి చేర్చి పైన వెడల్పాటి నడక దారి ఇచ్చారు. ఎలా కట్టాలో తెలియదనే సాకు కాబట్టి చెల్లదు.

3. చట్టం ఎంత దూరం వచ్చిందో

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులోని 41వ సెక్షన్ బస్సులు, రైళ్లతో పాటు వికలాంగులు తిరగగలిగే రోడ్ల గురించి కూడా చెబుతుంది. దాని కింద వచ్చిన 2017 నియమాల్లోని 15వ నియమం ప్రమాణాలను ‘పాటిస్తే మంచిది’ అన్న స్థాయిలో వదిలేసింది. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఆ నియమం మూల చట్టానికే విరుద్ధమని తేల్చి, తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. 2025 మే 14న ఎస్. రాజశేఖరన్ కేసులో, అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని, ఆ ఫుట్‌పాత్ వికలాంగులకు అనువుగా ఉండాలని చెప్పింది. కర్ణాటక హైకోర్టు 2019లోనే బెంగళూరు రోడ్ల కేసులో, వీధులు, ఫుట్‌పాత్‌లు సరైన స్థితిలో ఉండటం జీవించే హక్కులో భాగమని, వాటి దుస్థితి వల్ల గాయపడినవారు పరిహారం అడగవచ్చని స్పష్టం చేసింది.

‘నిధులు లేవు’ అనే జవాబుకు 1980 నాటి రత్లాం మున్సిపాలిటీ తీర్పు చాలు. ప్రజలకు చేయాల్సిన కనీస పనిని డబ్బు లేదని తప్పించుకోలేరని సుప్రీంకోర్టు అప్పుడే అంది.

4. ‘మా తప్పేముంది’ అనే వాదన

మీ వకీళ్లు ఎత్తే తీర్పు మాకు తెలుసు: 1997 నాటి రాజ్‌కోట్ మున్సిపల్ కార్పొరేషన్ కేసు. దారిన పోయే మనిషి మీద రోడ్డు పక్క చెట్టు కూలి చనిపోతే, ముందే ఊహించగలిగేది కాదు గనుక కార్పొరేషన్‌కు బాధ్యత లేదన్నారు. ఆ తీర్పులోనే దాని హద్దు కూడా ఉంది. ఊహించగలిగేదైతే? ఊగే స్లాబు గురించి నగర హెల్ప్‌లైన్ 1533కు ఫిర్యాదు వెళ్లి, నంబరు కూడా ఇచ్చిన తర్వాత ‘మాకు తెలియదు’ అనడానికి దారి మూసుకుపోయినట్టే. మీరు రసీదుగా ఇచ్చే నంబరే మీకు తెలుసుననడానికి సాక్ష్యం. 1966 నాటి సుభాగవంతి కేసులో ఢిల్లీ చాందినీ చౌక్ గడియార స్తంభం కూలినప్పుడు, రహదారి పక్కనున్న కట్టడం యజమాని కార్పొరేషనే కాబట్టి లోపం తెలియదన్న మాట పనికిరాదని సుప్రీంకోర్టు అంది.

‘చూసుకుని నడవాలి కదా’ అన్నది రెండో వాదన. 1964లో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు హేలీ కేసు వచ్చింది. లండన్ ఫుట్‌పాత్‌లో విద్యుత్ సంస్థ పనివాళ్లు గొయ్యి తవ్వి, దాని ముందు పొడవాటి పిడి ఉన్న దిమ్మిసను అడ్డంగా ఏటవాలుగా ఆనించారు. చూపులేని హేలీ కర్రకు అది తగల్లేదు. కాలికి తగిలి పడ్డాడు, వినికిడి పోయింది. చూపులేనివారు ఒంటరిగా ఫుట్‌పాత్ మీద నడుస్తారని పని చేసేవాళ్లు ఊహించి తీరాలి, వారికీ సరిపడే జాగ్రత్త తీసుకోవాలి అని తీర్పు వచ్చింది. మన కోర్టులను ఆ తీర్పు కట్టిపడేయదు గాని, దాని తర్కం కాదనలేనిది. ఫుట్‌పాత్ వేసేది కుర్రవాళ్ల పరుగు పందేనికి కాదు.

మూడో వాదన అన్నిటికంటే ప్రమాదకరమైనది: ‘అది మాది కాదు’. 2025 సెప్టెంబరులో ఒక్క మహానగర పాలికె స్థానంలో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. వాటికి తోడు కరెంటుకు బెస్కాం, నీళ్లకు, మురుగు కాలువలకు జలమండలి, మెట్రో పనులకు మెట్రో సంస్థ, కొన్ని రోడ్లకు లోకోపయోగి శాఖ (పీడబ్ల్యూడీ), జాతీయ రహదారులకు ఎన్‌హెచ్ఏఐ. ఫైబర్ కేబుల్ వేసే ప్రైవేటు కంపెనీలు సరేసరి. ఒకే పది అడుగుల ఫుట్‌పాత్‌లో స్లాబు ఒకరిది, దాని మీది మ్యాన్‌హోల్ మూత ఇంకొకరిది, పక్క పెట్టె మూడోవారిది. చేయి విరిగి కట్టుతో ఉన్న మనిషి వీరిలో ఎవరికి నోటీసు ఇవ్వాలో ఎలా తెలుసుకోవాలి?

5. డబ్బు దగ్గర చట్టానికి ఉన్న చిల్లు

బండి గుద్దితే మోటారు వాహనాల చట్టం ఉంది. ఫుట్‌పాత్ బాగాలేక రోడ్డు మీదికి దిగి నడుస్తుండగా బండి తగిలినా ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు, చట్టం పెట్టిన గడువు ఆరు నెలలు. గుద్ది పారిపోతే తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షల రూపాయల పథకం ఉంది. 2025 మేలో వచ్చిన నగదు రహిత చికిత్స పథకంలో 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా వైద్యం ఉంది. వీటన్నిటికీ మోటారు వాహనం ఉండాలి. బండి ప్రమేయం లేకుండా స్లాబు మీద పడి అదే ఎముక, అదే చోట విరిగితే వీటిలో ఒక్కటీ వర్తించదు. వికలాంగులు ఎక్కువగా పడేది ఇలాగే.

రోడ్డు డిజైన్, నిర్వహణ లోపం వల్ల మరణమో వైకల్యమో కలిగితే మోటారు వాహనాల చట్టం 198ఏ సెక్షన్ కింద సంబంధిత సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ఆ డబ్బు ప్రమాద నిధికి పోతుంది, పడినవాడికి కాదు. వికలాంగుల హక్కుల చట్టం 89వ సెక్షన్ జరిమానా మొదటిసారి 10 వేల దాకా, ఆ తర్వాత 50 వేల నుంచి 5 లక్షల దాకా. ఇదీ జరిమానాయే, పరిహారం కాదు. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేస్తే సివిల్ కోర్టులాగా పత్రాలు, మనుషులను పిలిపించి విచారించే అధికారం ఉంది. సిఫారసు ఇస్తే మీరు మూడు నెలల్లో అమలు చేయాలి, లేదా ఎందుకు చేయడం లేదో రాతపూర్వకంగా చెప్పాలి. అది మంచి మార్గమే గాని ఆసుపత్రి బిల్లు కట్టదు.

మిగిలినవి సివిల్ దావా, హైకోర్టులో రిట్. దావాకు లిమిటేషన్ చట్టం 72వ ఆర్టికల్ పెట్టిన గడువు ఒక్క ఏడాదే. ముందుగా నోటీసు ఇవ్వాలి, ప్రభుత్వానికైతే రెండు నెలలు ఆగాలి. పరిహారం లెక్కలో కూడా పొరపాటు జరుగుతోంది. ‘ముందే వికలాంగుడు కదా, కొత్తగా పోయిందేముంది’ అన్నట్టు లెక్క కడతారు. రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి వేరు: డాక్టరు రాసిన శాతం కాదు, ఆ గాయం వల్ల ఆ మనిషి సంపాదన ఎంత పోయిందన్నది చూడాలి. కాళ్లు లేని దర్జీకి కుడి మణికట్టు పోతే నష్టం పది శాతం కాదు. దానికి తోడు విరిగిన వీల్‌చైర్, పాడైన కృత్రిమ కాలు, తోడు మనిషి జీతం, నెలల తరబడి ఆటో ఖర్చు అన్నీ నష్టమే.

6. పడినవారు, వారి ఇంటివాళ్లు చేయాల్సినవి

ఇది అధికారులకు రాసిన లేఖే అయినా గాయపడినవారూ చదువుతారు కాబట్టి ఇక్కడే చెబుతున్నాం. చదివే అధికారులు వీటిని అడ్డుకోకుండా ఉంటే చాలు.

వైద్యుడికి చెప్పేటప్పుడు చోటు, కారణం రెండూ చెప్పండి: ‘ఫలానా రోడ్డులో, ఫలానా షాపు ముందు, ఊగే స్లాబు మీద పడ్డాను’. మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేయాల్సిన కేసుగా) నమోదు చేయమని అడగండి. చీటీలో ఏం రాశారో చదివించుకోండి, తప్పుంటే అప్పుడే దిద్దించండి. డిశ్చార్జ్ అయ్యాక దిద్దరు.

ఆ రోజే ఎవరినైనా పంపి ఫొటోలు తీయించండి. స్లాబు పక్కన కొలత టేపు పెట్టి దగ్గర నుంచి ఒకటి, పక్కనున్న షాపు బోర్డో స్తంభం నంబరో కనిపించేలా దూరం నుంచి ఒకటి. రేపు వెళ్తే సిమెంటు పూసి ఉంటుంది (ఈ ఒక్క విషయంలో నగరం చాలా చురుకు). ఫోన్‌లోని అసలు ఫైలును చెరపకండి. కోర్టులో ఫొటో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. దగ్గర్లో సీసీ కెమెరా ఉంటే ఫుటేజీ దాచమని షాపువారికి, పోలీసులకు కాగితం ఇవ్వండి. కెమెరాలు పాతదాని మీద కొత్తది రికార్డు చేసుకుంటూ పోతాయి.

పోలీసులకు నోటితో చెప్పినా చాలు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం వారే రాసుకుని, చదివి వినిపించి, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఎముక విరిగితే, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన న్యాయ సంహిత లెక్కలో అది తీవ్ర గాయం. నిర్లక్ష్యంతో ఇతరుల భద్రతకు ముప్పు తెచ్చి తీవ్ర గాయం చేస్తే 125వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది.

పని ఎవరిదో తెలుసుకోవడానికి ఆర్టీఐ. కర్ణాటకలో దరఖాస్తు ఒకే విషయం మీద, 150 పదాలకు మించకుండా ఉండాలి, ఫీజు 10 రూపాయలు. అడగాల్సినవి: ఆ రోడ్డు వర్క్ ఆర్డరు, కాంట్రాక్టరు పేరు, డిఫెక్ట్ లయబిలిటీ గడువు (లోపాలను కాంట్రాక్టరే సరిచేయాల్సిన కాలం) ఎప్పటిదాకా ఉంది, చివరిసారి తవ్వడానికి అనుమతి ఎవరు తీసుకున్నారు, ఆ చోటి గురించి ముందు వచ్చిన ఫిర్యాదుల నకళ్లు. జవాబుకు 30 రోజులు. దాని కోసం ఎదురుచూస్తూ నోటీసు ఆపకండి. మున్సిపల్ చట్టాలు గడువులను ఇంకా కుదించే అలవాటు ఉంది కాబట్టి తెలిసిన సంస్థలన్నిటికీ నెలలోపే నోటీసు పంపడం క్షేమం.

వకీలుకు డబ్బు లేదని ఆగనక్కర్లేదు. న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, ఫోన్ నంబరు 15100.

అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి వైద్యానికి, ఉద్యోగానికి వచ్చినవారికి ఒక ప్రత్యేక సంగతి. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఇచ్చిన వైకల్య ధ్రువపత్రం దేశమంతా చెల్లుతుందని వికలాంగుల హక్కుల చట్టం 58వ సెక్షన్ చెబుతోంది. ‘కర్ణాటక సర్టిఫికెట్ తెండి’ అని ఎవరైనా అంటే ఆ సెక్షన్ చూపండి. కోర్టుల దగ్గర సాక్ష్యం మీకు నచ్చిన భాషలో నమోదు చేసే ఏర్పాటు కోసం అదే చట్టంలో 12వ సెక్షన్ ఉంది. తెలుగులో చెబుతామని అడగవచ్చు, సైగల భాషలో చెబుతామనీ అడగవచ్చు.

మా డిమాండ్లు

మొదటిది: క్యాజువాల్టీ రిజిస్టరులో, డిశ్చార్జ్ కాగితంలో ‘బహిరంగ స్థలంలో పడటం’ అని వేరే గడి పెట్టండి. అందులో చోటు, తట్టుకున్న వస్తువు, ముందే ఉన్న వైకల్యం, వాడుతున్న ఉపకరణం రాయాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఆరోగ్య శాఖ సర్క్యులర్ చాలు. ఎముక విరిగిన ప్రతి కేసూ పోలీసులకు తెలియాలి. పోలీసు స్టేషన్లలో ‘ఇది యాక్సిడెంట్ కాదు’ అని తిప్పి పంపడం మానాలి.

రెండోది: ప్రతి మ్యాన్‌హోల్ మూత, స్లాబు వరస, పెట్టె, స్తంభం మీద యజమాని సంస్థ పేరు, నంబరు చెక్కించండి. అంకెలు చేత్తో తడిమి చదవగలిగేలా ఉబ్బెత్తుగా ఉండాలి. అప్పటివరకు, ఎవరిదో తేలని చోటికి ఆ ప్రాంత కార్పొరేషనే జవాబుదారీగా నిలిచి ముందు పరిహారం కట్టాలి. అసలు బాధ్యుల నుంచి తర్వాత వసూలు చేసుకోవడం మీ పని, గాయపడినవాడి పని కాదు.

మూడోది: మధ్యంతర పరిహారం. గుంతలు, తెరిచిన మ్యాన్‌హోళ్ల వల్ల చనిపోయినవారికి 6 లక్షలు, గాయపడినవారికి 50 వేల నుంచి రెండున్నర లక్షలు ఇవ్వాలని 2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఆదేశించింది. అదే కొలమానం ఇక్కడా పెట్టండి, ఫుట్‌పాత్ మీద పడటాన్ని అందులో పేరు పెట్టి చేర్చండి. దరఖాస్తు ఒక్క పేజీ, నిర్ణయం 30 రోజుల్లో. ఇది తీసుకున్నంత మాత్రాన దావా వేసే హక్కు పోదని ఆ పేజీ మీదే రాయాలి.

నాలుగోది: 1.8 మీటర్ల నడక వెడల్పు, 1:12 ర్యాంపు, పలకల వరస కొలిచి ఫొటోలతో మెజర్‌మెంట్ బుక్‌లో రాయనిదే ఏ ఫుట్‌పాత్ పనికీ చివరి బిల్లు ఇవ్వొద్దు. ఆ కొలత రోజు ఒక వీల్‌చైర్ వాడే వ్యక్తి, ఒక చూపులేని వ్యక్తి దారి పొడవునా వెళ్లి సంతకం చేయాలి. వారికి ఆ రోజు పనికి డబ్బు ఇవ్వాలి, సేవగా చేయమనొద్దు.

ఐదోది: తవ్వకం అనుమతి పత్రంలోనే నేలకు దగ్గరగా గట్టి అడ్డుపలక, పక్కన 1.2 మీటర్ల తాత్కాలిక దారి షరతుగా పెట్టండి. రిబ్బన్ మాత్రమే కనిపిస్తే డిపాజిట్ జప్తు చేయండి.

ఆరోది చిన్నదే. ఫుట్‌పాత్ శుభ్రం చేయాలన్నప్పుడల్లా మొదట తోపుడు బండ్లవాళ్లనే తరమకండి. వారికి 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది, వారి స్థలాలను ఆ చట్టం ప్రకారమే నిర్ణయించండి. ట్రాన్స్‌ఫార్మర్‌ను దారి మధ్యలో పెట్టింది పూల బండి అమ్మ కాదు.

ఈ లేఖ ప్రతిని రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు కూడా పంపుతున్నాం. పైన అడిగిన వాటిలో ఏది చేస్తారో, ఏది చేయరో, చేయనిదానికి కారణమేమిటో 60 రోజుల్లోగా అంశాలవారీగా రాతపూర్వకంగా తెలియజేయండి. ఆ తర్వాత హైకోర్టులో రిట్ వేస్తాం, ఈ లేఖను అందులో జత చేస్తాం. మీ జవాబు కన్నడంలో ఉన్నా, ఇంగ్లీషులో ఉన్నా మాకు ఇబ్బంది లేదు. సంతకం చేసిన కాగితాన్ని స్కాన్ చేసి బొమ్మగా మాత్రం పంపొద్దు. దాన్ని స్క్రీన్ రీడర్ చదవలేదు, మాలో కొందరు చదివేది దానితోనే. టెక్స్ట్ ఫైలు కూడా జతచేయండి.

ఇట్లు,
బెంగళూరులో నివసిస్తున్న కొందరు తెలుగు న్యాయవాదులు, ఇంజినీర్లు, ఫిజియోథెరపిస్టులు, వికలాంగులు